ఏటిగట్లు: వరదకాలమున వాని పని, వానియెడ రైతుల పని

గోదావరి మండలములలో ఏటిగట్టు అనియు, కృష్ణయొడ్డున కరకట్ట అనియు పిలువబడునది ఒక్కటే వస్తువు. వరదనీరు పొలములమీదికిని, ఊళ్లమీదికిని రాకుండ నదివెంబడి పోయబడిన మట్టికట్ట యది. సంవత్సరములో పదిమాసములు దానిమీద బండ్లు నడచును, పశువులు మేయును, ధాన్యము ఎండబోయుదురు, గడ్డివాములు వేయుదురు. ఎర్రనీరు వచ్చిన పిదప మాత్రమే అది తమ్ము కాచు గట్టని జనులకు జ్ఞప్తికి వచ్చును. అప్పటికి దానికి చేయదగిన మేలు స్వల్పము. కావున నది సన్నగా పారుచున్న దినములలోనే ఈ విషయమును విచారించుట యుక్తము.

మన సంఘసభ్యులలో అనేకుల భూములు గట్టుచాటున నున్నవి. కొందరివి గట్టునకును నదికిని నడుమ, లంకలలో నున్నవి. ఉభయులకును గట్టుతో సంబంధము కలదు గాని, అది యొక్కరీతి సంబంధము కాదు. ఆ సంగతి మున్ముందు వ్రాయబడును.

మొదట డెల్టాభూమి వాటమును తెలిసికొనవలయును. కొండప్రాంతములందు ఏరు పల్లమునను, పొలము మెరకనుండును. డెల్టాలో ఇందుకు విపర్యయము. వేల సంవత్సరములనుండి నది పొర్లినప్పుడెల్ల బరువైన ఇసుకయు, మొరపమట్టియు ఒడ్డుననే దిగవిడిచి, సన్నని ఒండ్రును దూరమునకు గొనిపోయినది. అందువలన ఒడ్డు క్రమముగా ఎత్తయినది. ఒడ్డునుండి దూరము పోయినకొలది నేల పల్లమగుచున్నది. కాలువలు మెరకలవెంట నడచుటకును, మురుగుకోడులు రెండు మెరకల నడిమి పల్లమున నడచుటకును ఇదియే కారణము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఏర్పడుటకును ఇదియే కారణము. దీనినిబట్టి తేలున దేమనగా, గట్టు తెగి వెలువడిన నీరు మరల నదిలోనికి రాదు. పల్లము వెదకికొనుచు పోయి, నది తగ్గిన తరువాతకూడ దినములతరబడి చేలలో నిలుచును. ఎదుటి ఊరివారు, తమకు నది రెండుక్రోసుల దూరమున నున్నదని నిశ్చింతగా నుందురు. పల్లపుభూమికి క్రోసుల లెక్క లేదు.

ధవళేశ్వరము ఆనకట్టను ఆర్థరు కాటను దొరగారి ఆధ్వర్యమున 1847లో ప్రారంభించి 1852లో ముగించిరి. అంతకు పూర్వము ఈ సీమ ఒకయేడు క్షామముతోను, మరియొకయేడు వరదతోను, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనతోను కృశించియుండెను. ఆనకట్టయు, కాలువలును వచ్చి పంట నిలుకడ కలిగినకొలది, వరదకు గట్లు అత్యావశ్యకములైనవి. ఏలయన, మునిగిపోవు చేనికి కాలువనీ రెంత యిచ్చినను ప్రయోజనము లేదు. పాత ఆనకట్ట స్థానమున 1970 మొదలు 1982 వరకు నిర్మింపబడిన బారేజి నేడు కాటనుగారి పేరనే యున్నది. దాని నాలుగు భాగములందును కలిపి 175 తలుపులు కలవు.

ఇచ్చట రైతులలో వ్యాపించియున్న యొక భ్రమను తొలగింపవలయును. "బారేజీ యున్నది గదా, తలుపులు దించి వరదను ఆపరాదా?" యని పెద్దవారుకూడ అడుగుచుందురు. లెక్క చూడుడు. ఒక సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు పారిన అది ఒక క్యూసెక్కు. లక్ష క్యూసెక్కులు ఒక దినమంతయు పారినచో 8.64 టి.ఎమ్.సి. యగును. ధవళేశ్వరము బారేజీవెనుక నిలువగలిగిన నీరు సుమారు 3 టి.ఎమ్.సి. మాత్రమే. 1986 ఆగస్టు వరదలో ఇచ్చట సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించినవి. ఆ వేగమున 3 టి.ఎమ్.సి. పోవుటకు పావుగంట పట్టదు. అదే వేగము ఒక దినము నిలిచినచో 300 టి.ఎమ్.సి. దాటును, అనగా నేటి నాగార్జునసాగరము మొత్తము నిలువకు ఇంచుమించు సమానము. కాబట్టి బారేజి వరదను ఆపునది కాదు, కాలువలకు నీటిమట్టము నిలుపునది. వరదనాడు తలుపు లన్నియు ఎత్తి, వచ్చిన నీటిని వచ్చినట్లు విడుచుటయే దాని పని. అటుపిమ్మట గౌతమికిని, వసిష్ఠకును, వైనతేయకును ఇరుప్రక్కల నున్న మట్టిగట్లే మనకు దిక్కు.

ఆ 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 1953 ఆగస్టులో వచ్చిన వరదను పెద్దదని చెప్పుకొనుచుండిన వృద్ధులు, దీనితో ఆ మాట మానిరి. గట్లు పలుచోట్ల తెగి, డెల్టాలో అపారమైన నష్టము కలిగెను. పిమ్మట ఆ వరదమట్టమునే ప్రమాణముగా గొని గట్లు ఎత్తుచేయుటకును, బలపరచుటకును పనులు జరిగినవి. 2006 ఆగస్టులో 28 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినపుడు మరల గండ్లు పడినవి. 2022 జులైలో భద్రాచలమున 71.3 అడుగులును, ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులకు పైనను నమోదైనవి. ఆషాఢమాసముననే అంత వరద వచ్చుట గమనింపదగినది. శ్రావణము రానిదే పెద్దవరద రాదను పాతలెక్క నమ్మి కూర్చుండరాదు.

భద్రాచలములో 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక యనియు, ధవళేశ్వరములో 17.75 అడుగులకే మూడవ హెచ్చరిక యనియు విని కొందరు కలవరపడుదురు. రెండుచోట్ల కొలబద్దల సున్న యొకటి కాదు. పైగా భద్రాచలము దిగువను నది పాపికొండల నడుమ ఇరుకుదారిని పోవును గనుక, నీరు నిలువుగా పెరుగును. ధవళేశ్వరమువద్ద అది విశాలముగా పరచుకొనును. ఈ రెండు లెక్కలను ఒకదానితో నొకటి పోల్చక, దేనికదిగా గుర్తుంచుకొనవలయును. ధవళేశ్వరమున 11.75 అడుగులు, సుమారు 10 లక్షల క్యూసెక్కులు, మొదటి హెచ్చరిక, 13.75 అడుగులు, 13 లక్షలు, రెండవది, 17.75 అడుగులు, 17 లక్షలు, మూడవది. భద్రాచలమున హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. భద్రాచలపు నీరు మనవద్దకు చేరుటకు సామాన్యముగా ఒక దినము అటునిటుగా పట్టును. ఆ దినమే మనకు దొరకు వ్యవధి.

ఇక గట్టు చేయు పని యెట్టిదో చూతము. గట్టు నీటిని తగ్గించదు. పరచుకొనవలసిన నీటిని ఇరుకున నిలుపును. నిలిపినందున నదిమట్టము పెరుగును. గట్టుచాటున నున్న మాగాణి ఎంత సురక్షితమగునో, గట్టులోపలి లంక అంత లోతుగా మునుగును. మన క్షేమములో కొంత భాగమునకు మూల్యమును లంకరైతు చెల్లించుచున్నాడు. ఈ మాట సభలలో ఎవరును చెప్పరు. లంకలోని అరటి, కూరగాయల తోటలు పోయినపుడు, "లంకలో వేయుట వాని తప్పు" అని గట్టుమీద నిలిచి అనుట సులభము. ఆ తోటలకు పరపతి నిచ్చునప్పుడును, వాయిదాలు పొడిగించునప్పుడును సంఘములు ఈ సంగతి తలపోయవలయునని నా అభిప్రాయము. అయితే లంకవారుకూడ తమ భూమిచుట్టు ప్రత్యేకముగా ఎత్తుకట్టలు పోసికొనుట తగదు. నదికి మిగిలిన దారినికూడ అది ఇరుకుచేయును. ఆ నీరు ఎదుటిగట్టును కోయును.

గట్టు తెగుట యనగా నీరు పైనుండి పొర్లుట యని పెక్కుమంది తలంపు. పొర్లుటయు నొక కారణమే. మట్టికట్టపైనుండి జానెడు నీరు దొర్లినను ఊరివైపు వాలును కొట్టివేయును. తరువాత గండికి గడియలు చాలును. అందుచేతనే అంచనా వేసిన వరదమట్టమునకు పైన కొంత మిగులు ఎత్తు ఉంచుదురు. ఎక్కడనో బండిదారి కొఱకు గట్టుతలను రెండడుగులు త్రవ్వినచో, ఆ గట్టు ఎత్తు పదిమైళ్ల పొడవునను ఆ రెండడుగులు తగ్గినట్లే లెక్క. నీరు తక్కువచోటును తప్పక కనిపెట్టును.

కాని పొర్లకుండగనే తెగిన గట్లు అనేకములు. బీహారురాష్ట్రపు కోసీనది గట్టు 2008 ఆగస్టు 18వ తేదీన నేపాళములోని కుసహావద్ద తెగినప్పుడు, నదిలో నున్న ప్రవాహము ఆ గట్లు భరింపవలసినదానిలో చాల తక్కువ. నీరు ప్రక్కను కోసికొని పోయినది. నది తన పాతదారిని పట్టి, గట్టు నమ్ముకొనియున్న లక్షలాది జనులను ముంచినది. నది వంపు తిరుగుచోట బయటివైపు ఒడ్డును నీరు వేగముగా తాకి, అడుగును త్రవ్వును. పైన గట్టు చెక్కుచెదరక కనబడుచుండగనే క్రింద మొదలు పోవును. వంపులయొద్ద రాతికట్టడములును, నదిలోనికి చొచ్చిన గ్రోయినులును ఇందుకొఱకే. ఆ రాళ్లను ఇంటిపునాదులకు మోసికొనిపోవువారిని చూచి ఊరకుండు గ్రామము, తన పునాదిని తానే అమ్ముకొనుచున్నది.

అన్నిటికంటె మోసకరమైనది ఊట. గట్టుక్రింద ఇసుకపొర యున్నచోట, నదివైపు నీరు పది పండ్రెండడుగులు ఎత్తున నిలిచినపుడు, ఆ బరువునకు నీరు ఇసుకలోబడి నడచి ఊరివైపు గట్టుమొదట పైకి తన్నును. మొదట తడిగా నుండును, తరువాత చిన్న ఊటబుగ్గ కనబడును. ఊటను చూచి భయపడుటకు ముందు దాని రంగు చూడవలయును. తేటనీరు వచ్చుచున్నచో మట్టి కదలుట లేదని గ్రహించి కావలి యుంచిన చాలును. బుగ్గచుట్టు చీమలపుట్టవలె ఇసుక పేరుకొనుచు, నీరు మడ్డిగా వచ్చుచున్నచో, గట్టుక్రింద గొట్టమువంటి దారి త్రవ్వబడుచున్నదని అర్థము. అది వెనుకకు, అనగా నదివైపునకు, పెరుగుచుండును. నదిని చేరిననాడు గట్టు ఉన్నపాటున క్రుంగిపోవును.

అప్పుడు చాలమంది చేయు పని, బంకమట్టి తెచ్చి ఆ బుగ్గ నోరు మూయుట. అది మిక్కిలి ప్రమాదకరము. నోరు మూసిన నీరు మరియొకచోట, మరింత బలముతో లేచును. చేయవలసిన దేమనగా, బుగ్గచుట్టు ఇసుకమూటలను బావిఒరవలె గుండ్రముగా పేర్చవలయును. లోపల నీరు నిలిచినకొలది దాని బరువు క్రిందినుండి వచ్చు తోపును అణచును. ఎంత ఎత్తునకు పేర్చగా నీరు తేటపడునో అంతటితో ఆపి, ఆ తేటనీరు పోవుటకు ఒక ప్రక్క చిన్నదారి విడువవలయును. ఊట గట్టు వాలునుండియే చెమర్చుచున్నచో, మొదట ముదుక ఇసుకయు, దానిపై కంకరయు పరచి, నీటిని పోనిచ్చి మట్టిని ఆపవలయును. నీటితో పోరాడరాదు; మట్టిని కదలనీయకుండుటయే పని.

ఇట్టి ఊటలకు దారి చేయువారిలో పందికొక్కులును, ఎండ్రకాయలును, చెదలును ఒక భాగము. మిగిలిన భాగము మనమే. వేసవిలో బొరియలను వెదకి, లోపలిదాక త్రవ్వి, మంచిమట్టితో పొరపొరగా తడిపి దిమ్మిసచేసి పూడ్చవలయును. పైపైన ఒక తట్ట మట్టి వేసిన ప్రయోజనము లేదు. గట్టువాలుమీద చెట్లు పెంచుట నీడకు మంచిదే గాని గట్టునకు మంచిది కాదు. చెట్టు గాలికి ఊగినపుడు మట్టి వదులగును, కొట్టివేసిన పిదప వేరు క్రుళ్లి సొరంగమగును. గరికె, వట్టివేరు గట్టునకు తగిన పైరులు. వట్టివేరు నిలువుగా లోతునకు దిగి మట్టిని పట్టును. పశువులు దానిని అంతగా మేయవు. గరికె నేలను కంబళివలె కప్పును. గట్టుమీద పెంటకుప్పలు వేయుటవలన పందికొక్కులు చేరును గనుక అదికూడ మానవలయును.

ఈ కాలమున క్రొత్తగా వచ్చిన అపాయములు కొన్ని కలవు. గట్టుమొదటనే చేపలచెరువులును, రొయ్యలచెరువులును త్రవ్వుట అందులో నొకటి. పైన మూడు నాలుగడుగుల బంకమట్టి యుండి ఊటను అణచియుంచుచోట, ఆ మూతను తీసివేసి చెరువు త్రవ్వినచో, ఇసుకపొర బయటపడి ఊటకు తలుపు తెరచినట్లగును. ఇటుకబట్టీలకై మట్టిని గట్టుసమీపమున ఎత్తుటయు, ఇసుకకై యంత్రములతో ఒడ్డువద్ద నదిగర్భమును లోతుచేయుటయు ఇట్టివే. గట్టునకు మట్టి కావలసివచ్చినపుడుకూడ ఊరివైపు మొదటిని త్రవ్వి పోయరాదు. ఎత్తు పెరిగినందుకు సంతసింతుము గాని, క్రింద గుంటపడినందున గట్టు బలము తగ్గును. ఆ చెరువునకు కౌలు ఎకరమునకు ఎంత వచ్చునో యజమానికి తెలియును. గండి పడిననాడు ఎన్ని ఎకరములు పోవునో అతడు లెక్కింపడు, పంచాయతీయు లెక్కింపదు.

గట్టులోని తూములను గురించి కొంచెము వ్రాయవలసియున్నది. పొలములమురుగు నదిలోనికి పోవుటకు గట్టులో తూములుండును. వరద పైకి వచ్చినపుడు వాని తలుపులు వేయనిచో నది వెనుకకు తన్ని చేలలోనికి వచ్చును. వేసినచో లోపల కురిసిన వాననీరు నిలిచిపోవును. రెండును ఒకేమారు కలిగినపుడు రైతుకు గట్టుండియు ముంపు తప్పదు. 2024 సెప్టెంబరు మొదట విజయవాడలో జరిగిన దీనికి దగ్గరి సంగతియే. బుడమేరునీటిని కృష్ణలోనికి మళ్లించు కాలువగట్టునకు మూడు గండ్లు పడి, నగరములో పెద్దభాగము దినములతరబడి నీట నుండెను. అదే సమయమున ప్రకాశము బారేజీవద్ద కృష్ణలో 11.4 లక్షల క్యూసెక్కుల వరద పారుచుండెను. పెద్దనది నిండియున్నపుడు చిన్నయేటికి పోవుచోటు లేదు. కాబట్టి పెద్దగట్టును చూచుకొని చిన్నకాలువగట్లను మరచుట కూడదు. మురుగుకోడులలో గుర్రపుడెక్కయు, తూటికాడయు పెరిగి దారి మూసియుండగా గట్టునకు కోటిరూపాయలు వ్యయము చేసినను చేను మునుగకమానదు.

గట్లను ఎత్తుచేయుచు పోవుటయే ఉపాయమా యని అడుగవచ్చును. అమెరికాలో మిసిసిపీనదికి గట్లు మాత్రమే చాలునని చిరకాలము నమ్మిరి. 1927లో ఆ గట్లు అనేకచోట్ల తెగి దేశభాగములు సముద్రమైనవి. పిమ్మట వారు ఎక్కువనీరు ప్రక్కకు పోవుటకు ఉద్దేశపూర్వకముగా దారులు ఏర్పరచిరి. చీనాదేశపు పచ్చనదిలో, గట్లనడుమ ఒండ్రు పడి నదిగర్భమే చుట్టునున్న పొలములకంటె ఎత్తైనది. గట్టు ఎత్తిన కొలది నదియు ఎత్తగుట అచ్చటి చిక్కు. మన గోదావరికి ఆ స్థితి లేదు. అయినను, నది పరచుకొనుటకు మిగిలియున్న చోటును కట్టడములతో మూయకుండుట, గట్టునకు అడుగు మట్టి వేయుటకంటె ఎక్కువ మేలు. మరియొక నష్టముకూడ చెప్పవలయును. పూర్వము వరదతో వచ్చిన క్రొత్త ఒండ్రు చేనికి ఎరువై యుండెను. గట్టు దానిని ఆపినది. కావున గట్టుచాటు మాగాణికి జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట వేయుట విలాసము కాదు, ఆ లోటును పూరించుట.

వైశాఖ జ్యేష్ఠములలో సంఘమువారు చేయదగిన దేమనగా, గ్రామపు హద్దులోని గట్టును ఆ చివరనుండి ఈ చివరవరకు ఇంజనీరింగుశాఖ లస్కరుతో కలిసి కాలినడకను చూడవలయును. క్రుంగిన తల, బొరియ, పగులు, కదలిన రాయి, తుప్పుపట్టిన తూముతలుపు వీనిని దూరపురాళ్ల గుర్తులతో వ్రాసి అధికారులకు అర్జీ నీయవలయును. నోటిమాట గాలిలో పోవును. వ్రాసిన కాగితమునకు జవాబు అడుగవచ్చును. సంఘపు గిడ్డంగిలో వాడిన ఎరువుగోనెలను అమ్మివేయక వేయి, రెండువేలు కట్టి యుంచినచో ఇసుకమూటలకు పనికివచ్చును. మూటలో మూడువంతులే ఇసుక నింపి మూతి కట్టవలయును. నిండుగ నింపిన మూటలు ఒకదానితో నొకటి అతుకవు, సందులగుండ నీరు కారును. పారలు, గునపములు, తాళ్లు, వెదురులు, దీపములు ఎవరియింట నున్నవో పేరుపేరున వ్రాసియుంచవలయును.

రెండవ హెచ్చరిక వచ్చినది మొదలు రాత్రింబవళ్లు గట్టుమీద వంతులవారీగా మనుష్యులు నడువవలయును. ఇద్దరు తలమీదను, ఇద్దరు ఊరివైపు మొదటను నడుచుట మంచిది. ఊట మొదటనే గాని తలమీద కనబడదు. వృద్ధులను, పిల్లలను, పశువులను, విత్తనపుమూటలను ముందుగనే మెరకకు చేర్చినవాడు గట్టుమీద ధైర్యముగా పనిచేయును. ఎదుటియొడ్డున గండిపడిన తమ గట్టు బ్రతుకునని ఆశపడు మాటలు అట్టి రాత్రులలో వినవచ్చును. ఆ ఆశ మాటతో ఆగక పలుగులతో పడవ ఎక్కిన పక్షమున అది నేరమే; అటువంటివారిని ముందుగా మందలించుటయు గ్రామపెద్దల కావలిలో భాగమే.

నది తగ్గుముఖము పట్టగనే అందరును ఇండ్లకు పోవుదురు. ఇది సరి కాదు. నాలుగుదినములు నీట నానిన గట్టు బరువెక్కి మెత్తబడి యుండును. అంతవరకు నదివైపు వాలును నీరే ఒత్తి పట్టుకొనియుండెను. ఆ నీరు త్వరగా తీసినపుడు ఆ వాలు పెళ్లగిలి నదిలోనికి జారును. తలమీద పొడవునా పగుళ్లు కనబడుట దానికి గుర్తు. వెనుక మరియొక వరద వచ్చుచున్నదని వార్త యున్నచో ఆ జారిన గట్టు దానికి తాళదు. కనుక మొదటి హెచ్చరికకు క్రింద దిగువరకు కావలి విడువరాదు. పగుళ్లలోనికి వాననీరు దిగకుండ పట్టలు కప్పి, ఇంజనీర్లకు తెలుపవలయును.

దురదృష్టవశమున గండి పడినచో, దానికి ఎదురుగా నున్న చేలలో ఇసుకమేట పడును. జానెడులోపు మేటయైన లోతుదుక్కితో క్రిందిమట్టిని కలిపి, పచ్చిరొట్టయు పశువులయెరువును వేసి క్రమముగా బాగుచేయవచ్చును. అంతకు మించినదానిని ఎత్తివేయుటయే మార్గము. మునిగిన వరిచేను విషయమున, నీరు తీసిన వెంటనే యూరియా చల్లుటకు తొందరపడరాదు. ముందు నిలువనీరు తీసి, కుదుళ్లలో క్రొత్త తెల్లవేరు కనబడినదా యని నాలుగైదుచోట్ల పెరికి చూడవలయును. కనబడినచో పైరు బ్రతికినట్లే. అప్పుడు కొద్దిగా నత్రజని, పొటాషు వేయవచ్చును. ఏటేట మునుగు పల్లములకు, రెండువారములవరకు మునకకు తాళునట్లు రూపొందించిన స్వర్ణ సబ్-1 వంటి రకములు కలవు. ఆ విత్తనము కావలసిన సభ్యులు, దుక్కులకు ముందే సంఘ కార్యదర్శివద్ద ఎకరముల లెక్క వ్రాయించుకొనవలయును. ముంపు వచ్చిన పిదప విత్తనము వెదకుటకు వ్యవధి యుండదు.